పొద్దు పొడిచేటప్పుడు అసలేం జరుగుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

రోజూ జరిగేదే కదా అని సూర్యోదయాన్ని మనం పెద్దగా పట్టించుకోం. ఒక్కరోజు తెల్లవారుజామున కుదురుగా కూర్చుని తూర్పు వైపు చూస్తే మాత్రం ప్రశ్నలు వాటంతట అవే పుట్టుకొస్తాయి. చాలా ఏళ్లుగా నన్ను ఇతరులు అడిగినవీ, నాకు నేనే వేసుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. ముందే ఒక మాట. సూర్యోదయంలో సూర్యుడు ప్రత్యేకంగా చేసేదేమీ లేదు. తిరిగేది మన భూమి, రంగులు దిద్దేది మన గాలి. కింది జవాబుల్లో ఎక్కువ భాగం ఈ రెండింటి గురించే.

సూర్యుడు నిజంగా పైకి లేస్తున్నాడా?

లేవడం లేదు. భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతోంది. ఆ తిరుగుడులో మనం నిలబడ్డ నేల కూడా తూర్పు వైపుకి ఒరుగుతోంది. తూర్పు దిగంతం కిందికి వాలేకొద్దీ దాని చాటున ఉన్న సూర్యుడు బయటపడతాడు. పడవలో ముందుకు పోయే మనిషికి ఒడ్డున కదలకుండా ఉన్నవి వెనక్కి పోతున్నట్టు ఎలా కనిపిస్తాయో, కదలని నక్షత్రాలు కూడా అలాగే పడమటికి పోతున్నట్టు కనిపిస్తాయని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి తన గ్రంథంలో రాశాడు. ఇంతకంటే చక్కటి పోలిక నాకింకా దొరకలేదు.

భూమధ్యరేఖ దగ్గర ఈ తిరుగుడు వేగం గంటకు దాదాపు 1,670 కిలోమీటర్లు. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ తగ్గుతుంది. ఇంత వేగం మనకెందుకు తెలియదంటే, వేగం మారినప్పుడే మన ఒంటికి తెలుస్తుంది కాబట్టి. బస్సు సాఫీగా పోతున్నంతసేపూ ఏమీ అనిపించదు, బ్రేకు వేస్తేనే ముందుకు తూలతాం. భూమి బ్రేకు వెయ్యదు. 1851లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఫూకో పారిస్‌లో ఒక పొడవాటి లోలకాన్ని వేలాడదీశాడు. అది ఊగే దిశ గంటగంటకూ పక్కకి జరగడం జనానికి చూపించి, భూమి తిరుగుతోందని కళ్లకు కట్టాడు.

ఈసారి సూర్యోదయం చూసేటప్పుడు ఒక పని చేసి చూడండి. సూర్యుడు ఆకాశంలో ఒకచోట మేకు కొట్టినట్టు ఆగి ఉన్నాడనీ, మీ పాదాల కింది నేలే తూర్పుకి వాలుతోందనీ గట్టిగా అనుకోండి. మొదట మనసు ఒప్పుకోదు. ఒక్కసారి కుదిరిందంటే కడుపులో చిన్న జలదరింపు పుడుతుంది. నాకైతే ప్రతిసారీ పుడుతుంది.

సూర్యోదయం అంటే కచ్చితంగా ఏ క్షణం?

సూర్యబింబం పై అంచు దిగంతం మీద తొలిసారి కనిపించే క్షణం. బింబం సగం వచ్చినప్పుడు కాదు, పూర్తిగా వచ్చినప్పుడూ కాదు. లెక్క కట్టేవాళ్లు ఈ క్షణాన్ని ఇలా పట్టుకుంటారు: బింబం మధ్య బిందువు దిగంతానికి 50 కళల కింద ఉన్నప్పుడు సూర్యోదయం అయినట్టు. కళ అంటే డిగ్రీలో 60వ వంతు. ఆ 50లో 16 కళలు బింబం వ్యాసంలో సగం. మిగతా 34 కళలు గాలి చేసే మాయ.

గాలి చేసే మాయ ఏమిటి?

సూర్యోదయం గురించి నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. బింబం మొత్తం బయటికి వచ్చి, దాని కింది అంచు దిగంతాన్ని తాకుతూ కనిపించే క్షణాన్ని తలచుకోండి. గాలి లేకపోతే ఆ క్షణంలో మీకు సూర్యుడే కనిపించడు. మీకూ సూర్యుడికీ మధ్య గీసిన తిన్నని గీతకు నేల ఇంకా అడ్డంగానే ఉంటుంది. మీరు చూస్తున్నది, గాలిలో వంగి వచ్చిన వెలుగుని.

ఇంట్లోనే చూడొచ్చు. ఒక గిన్నెలో అడుగున నాణెం పెట్టండి. గిన్నె అంచు నాణేన్ని పూర్తిగా కప్పేసేదాకా వెనక్కి జరిగి అక్కడే ఆగండి. ఇప్పుడు మీరు కదలకుండా ఇంకొకర్ని గిన్నెలో మెల్లగా నీళ్లు పొయ్యమనండి. నీళ్లు పెరిగేకొద్దీ నాణెం తనే పైకి తేలినట్టు అంచు మీదుగా కనిపిస్తుంది. నాణెం అంగుళం కూడా కదల్లేదు, దాని నుంచి వచ్చే వెలుగు నీటిలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వంగింది, అంతే. దీన్నే వక్రీభవనం అంటారు. వాతావరణంలో ఒక తేడా ఉంది. అక్కడ నీటికి ఉన్నట్టు ఒక్కటే అంచు ఉండదు. పైన పలచగా, కిందికి వచ్చేకొద్దీ చిక్కగా ఉన్న గాలిలో వెలుగు కొంచెం కొంచెంగా వంగుతూ వస్తుంది. దిగంతం దగ్గర ఆ వంపు మొత్తం 34 కళలు. సూర్యబింబం వ్యాసం 32 కళలు. అంటే బింబం వెడల్పు కంటే కాస్త ఎక్కువగానే గాలి సూర్యుణ్ణి పైకెత్తి చూపిస్తుంది.

సూర్యకాంతి మన దాకా రావడానికి 8 నిమిషాలు పడుతుంది కదా, మరి సూర్యుడు 8 నిమిషాల ముందే ఉదయించాడా?

ఈ మాట చాలాచోట్ల నిజమన్నట్టే చెబుతుంటారు, అందుకే కాస్త వివరంగా చెప్పాలి. మనల్ని చేరే కాంతి 8 నిమిషాల 20 సెకన్ల కిందట బయలుదేరిందన్నది నిజం. అంతమాత్రాన సూర్యోదయం 8 నిమిషాలు ఆలస్యంగా కనిపించదు.

కాంతి ఎప్పుడూ ఆగకుండా ప్రవహించే నది అనుకోండి. మనం రాత్రి వైపు ఉన్నప్పుడు కూడా ఆ నది భూమి పక్కనుంచి పారుతూనే ఉంటుంది, మనం భూమి నీడలో ఉన్నాం కాబట్టి తడవడం లేదు. తెల్లవారేసరికి భూమి తిరిగి మనల్ని ఆ ప్రవాహంలోకి తెస్తుంది. నీళ్లు అక్కడికి ముందే చేరి ఉన్నాయి, మనమే వెళ్లి దిగాం. సూర్యుడే భూమి చుట్టూ తిరుగుతూ ఉండి ఉంటే ఈ 8 నిమిషాల వాదన చెల్లేది.

పొద్దున సూర్యుడు ఎర్రగా ఎందుకుంటాడు?

తెల్లగా కనిపించే వెలుగులో అన్ని రంగులూ కలిసే ఉంటాయి. గాలిలోని అణువులు ఆ వెలుగుని నలువైపులా చెదరగొడతాయి, కానీ అన్ని రంగుల్నీ ఒకేలా కాదు. తరంగం ఎంత పొట్టిదైతే అంత ఎక్కువగా చెదురుతుంది. నీలం తరంగం పొట్టిది, ఎరుపు తరంగం పొడవైనది. లెక్క కడితే నీలం ఎరుపు కంటే దాదాపు ఆరు రెట్లు ఎక్కువ చెదురుతుంది. ఈ సూత్రాన్ని 1871లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త రేలీ తేల్చాడు, అందుకే రేలీ పరిక్షేపణం అంటారు.

సూర్యుడు నడినెత్తిన ఉంటే వెలుగు గాలిని నిలువుగా దాటి వస్తుంది, దారి తక్కువ. దిగంతం దగ్గర ఉన్నప్పుడు ఏటవాలుగా, నేలను ఒరుసుకుంటూ వస్తుంది. అప్పుడు దాటాల్సిన గాలి నడినెత్తి దారితో పోలిస్తే దాదాపు 38 రెట్లు. అంత దూరం వచ్చేసరికి నీలం, ఆకుపచ్చ దారిలోనే చెల్లాచెదురైపోతాయి. మిగిలిన నారింజ, ఎరుపు మన కంటికి చేరతాయి. మనకు అందకుండా పోయిన ఆ నీలం వృథా కాలేదు. ఆ దారి కింద ఎక్కడో పగలు మొదలైన చోట ఆకాశానికి నీలి రంగు అదే ఇస్తోంది.

దీన్ని కూడా ఇంట్లో చూడొచ్చు. పొడవాటి గాజు గ్లాసు నిండా నీళ్లు పోసి నాలుగైదు చుక్కల పాలు కలపండి. గదిలో లైట్లు ఆపేసి, ఫోన్ టార్చ్‌ని గ్లాసు అడుగున ఆనించండి. పక్కనుంచి చూస్తే నీళ్లు లేత నీలంగా ఉంటాయి. పై నుంచి గ్లాసులోకి చూస్తే అదే టార్చ్ పసుపుగా కనిపిస్తుంది. ఇంకో రెండు చుక్కలు వెయ్యండి, నారింజకి తిరుగుతుంది. పాలు మరీ ఎక్కువైతే అంతా తెల్లగా అయిపోతుంది కాబట్టి చుక్క చుక్కగానే వెయ్యాలి.

ఒక్కో రోజు రంగులు ఒక్కోలా ఉంటాయేం?

గాలిలో అణువులతో పాటు ఏమున్నాయన్నదాన్ని బట్టి. దుమ్ము, పొగ ఎక్కువుంటే ఆకాశం మరింత రంగు తేలుతుందని చాలామంది అనుకుంటారు. నేల దగ్గరి పొగ నిజానికి రంగుల్ని మందగించేలా చేస్తుంది, బింబం మాత్రం మసక ఎరుపులో ఉంటుంది. వాన వెలిసిన తర్వాత శుభ్రమైన గాలిలో, ఎత్తున పలచటి మబ్బులున్న తెల్లవారుజామున వచ్చే రంగులే తేటగా ఉంటాయి. ఎత్తయిన మబ్బులకి వెలుగు మనకంటే ముందు, కింది నుంచి తగులుతుంది. అందుకే సూర్యుడు రాకముందే వాటి పొట్టలు ఎర్రబడతాయి.

పెద్ద అగ్నిపర్వతాలు పేలినప్పుడు ఇంకో రకం. 1883లో క్రకటోవా, 1991లో పినటుబో పేలినప్పుడు చాలా ఎత్తుకు చేరిన సన్నటి కణాల వల్ల నెలల తరబడి ప్రపంచమంతటా ఉదయ సంధ్యలూ సాయం సంధ్యలూ వింత రంగుల్లో వెలిగాయి.

సూర్యుడు రాకముందే వెలుతురు ఎలా వస్తుంది?

మన దగ్గర నేలకి సూర్యుడు అందకపోయినా, మన పైనున్న గాలికి అందుతాడు. ఎత్తులో ఉన్న ఆ గాలి వెలుగుని కిందికి చెదరగొడుతుంది. దాన్నే మనం సంధ్య వెలుగు అంటాం. ఖగోళశాస్త్రం దీన్ని మూడు మెట్లుగా చూస్తుంది. సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీల కిందికి వచ్చినప్పుడు మొదటి మెట్టు. అప్పటిదాకా కనిపించిన అతి మసక నక్షత్రాలు మాయమవడం మొదలవుతుంది. మనకు మాత్రం ఇంకా చిమ్మచీకటే. 12 డిగ్రీల దగ్గర సముద్రం మీద నావికుడికి నీటి గీత తెలుస్తుంది, అందుకే దానికి నావికుల సంధ్య అని పేరు. 6 డిగ్రీల దగ్గర దీపం లేకుండా ఆరుబయట పనులు చేసుకోగలం. వేగుచుక్కగా శుక్రుడు వచ్చే రోజుల్లో అది ఈ ఆఖరి మెట్టులో కూడా స్పష్టంగా వెలుగుతూనే ఉంటుంది.

భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు నిట్టనిలువుగా లేస్తాడు కాబట్టి ఈ మూడు మెట్లూ కలిపి గంటా పది నిమిషాల్లో అయిపోతాయి. ధ్రువాల వైపు పోతే దారి ఏటవాలు అవుతుంది, సంధ్య సాగుతుంది. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరున్న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జూన్ రాత్రులు పూర్తిగా చీకటి పడకుండానే తెల్లవారిపోతాయి.

ఆ సమయంలో నడినెత్తి ఆకాశం ముదురు నీలంగా ఎందుకుంటుంది?

రేలీ చెప్పింది ఒక్కటే కారణమైతే, అంత ఏటవాలుగా వచ్చిన వెలుగులో నీలం చాలావరకు పోయి ఉండాలి కాబట్టి నడినెత్తి ఆకాశం పసుపు తిరగాలి. తిరగదు. కారణం ఓజోన్. ఓజోన్ పొర నారింజ, పసుపు ఛాయల్ని పీల్చుకుంటుంది. సంధ్యవేళ వెలుగు ఆ పొరలో చాలా దూరం అడ్డంగా ప్రయాణిస్తుంది కాబట్టి మిగిలేది నీలం. ఇది 1953లో హల్బర్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త లెక్కలు కట్టి చూపించేదాకా సరిగ్గా అర్థం కాలేదు. మనల్ని కాపాడే పొర అని పుస్తకాల్లో చదువుకునే ఓజోన్‌ని కంటితో చూసే అవకాశం ఇదొక్కటే అనుకుంటాను.

పడమటి వైపు నీలి పట్టీ, దాని మీద గులాబీ రంగు కనిపిస్తాయి. అవేమిటి?

మీరు అది గమనించారంటే చాలా సంతోషం. అందరూ తూర్పుకే చూస్తూ దీన్ని పోగొట్టుకుంటారు. దిగంతానికి ఆనుకుని ఉన్న ఆ బూడిద నీలి పట్టీ భూమి నీడ. మన భూమి నీడే గాలి మీద పడి మనకు కనిపిస్తోంది. దాని పైన గులాబీ రంగులో ఉన్నదాన్ని వీనస్ బెల్ట్ అంటారు, శుక్రగ్రహంతో సంబంధమేమీ లేదు. తూర్పు నుంచి ఎర్రబడి వచ్చిన వెలుగు పడమటి గాలికి తగిలి మన వైపు తిరిగి వస్తుంటే ఆ గులాబీ పుడుతుంది. సూర్యోదయం దగ్గర పడేకొద్దీ నీలి పట్టీ కిందికి దిగిపోతూ, సూర్యుడు వచ్చేసరికి దిగంతంలో కలిసిపోతుంది. మబ్బులేని ఉదయం, పడమటి దిక్కున అడ్డేమీ లేని చోటు ఉంటే చాలు.

దిగంతం దగ్గర సూర్యుడు పెద్దగా కనిపిస్తాడెందుకు?

పెద్దగా ఉండడు, మన మెదడుకి అలా అనిపిస్తుంది. చెట్లు, ఇళ్ల పక్కన చూసినప్పుడు ఒకలా, ఖాళీ ఆకాశంలో చూసినప్పుడు ఒకలా అంచనా వేస్తుంది. చంద్రుడితోనూ ఇదే జరుగుతుంది. చెయ్యి బారుగా చాపి చిటికెన వేలు పట్టుకుంటే దాని వెడల్పు దాదాపు ఒక డిగ్రీ. సూర్యుడు అందులో సగమే. చంద్రుడితో ఈ కొలత తీసి చూడండి, నెత్తిమీద ఉన్నా దిగంతం దగ్గర ఉన్నా వేలు ఒకేలా కప్పేస్తుంది.

ఆకారం మాత్రం నిజంగానే మారుతుంది. బింబం కింది అంచుని గాలి ఎక్కువగా, పై అంచుని కాస్త తక్కువగా ఎత్తుతుంది. దాంతో నిలువు కొలత దాదాపు ఐదో వంతు తగ్గి, బింబం అదిమినట్టు కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తుంది.

సూర్యుడు ఎప్పుడూ సరిగ్గా తూర్పునే ఉదయిస్తాడా?

ఏడాదిలో రెండు రోజులే, మార్చి 20 ప్రాంతంలో, సెప్టెంబర్ 22, 23 ప్రాంతంలో. వాటిని విషువత్తులు అంటారు. భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉండడం వల్ల మిగతా రోజుల్లో ఉదయించే చోటు ఉత్తరానికో దక్షిణానికో జరుగుతుంది. భూమధ్యరేఖ దగ్గర ఈ జరుగుడు అటూ ఇటూ 23.4 డిగ్రీలు. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర దాదాపు 53 డిగ్రీలు, అంటే జూన్‌లో అక్కడ పొద్దు పొడిచేది ఇంచుమించు ఈశాన్యం దాటాకే.

చూడాలనుంటే ఒకే కిటికీ దగ్గర, ఒకే చోట నిలబడి, వారానికోసారి సూర్యుడు ఏ కొమ్మ పక్కనుంచి, ఏ కప్పు అంచు మీదుగా వచ్చాడో కాగితం మీద బొమ్మ వేసుకోండి. విషువత్తుల దగ్గర వారం వారం ఎంత దూరం జరిగిపోతాడో చూసి ఆశ్చర్యపోతారు. జూన్, డిసెంబర్ నెలాఖర్లలో మాత్రం కదలనే కదలడు.

ఏడాదిలో పొడవైన పగలు ఉన్న రోజే కదా అన్నిటికంటే త్వరగా తెల్లవారాలి?

అలా అనిపించడం సహజం, కానీ కాదు. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశాన్ని తీసుకుంటే, పొడవైన పగలు జూన్ 21 ప్రాంతంలో, అన్నిటికంటే త్వరగా పొద్దు పొడిచేది దానికి వారం ముందు. అతి చిన్న పగలు డిసెంబర్ 21 ప్రాంతంలో, అతి ఆలస్యపు సూర్యోదయం జనవరి మొదటి వారంలో. భూమధ్యరేఖకి దగ్గరయ్యేకొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. డిసెంబర్ 22 నుంచి పొద్దు త్వరగా పొడవాలి కదా అని క్యాలెండర్ చూసి కంగారుపడే వాళ్లందరికీ జవాబు ఇదే.

గడియారం రోజుకి సరిగ్గా 24 గంటలు లెక్కపెడుతుంది. సూర్యుడు మాత్రం ఒక మధ్యాహ్నం నడిమింటి నుంచి మర్నాటి నడిమింటికి రావడానికి ఏడాది పొడవునా ఒకే సమయం తీసుకోడు. డిసెంబర్ చివర్లో 24 గంటల మీద ఇంకో అర నిమిషం పడుతుంది. అంటే గడియారం ప్రకారం రోజు మొత్తం, సూర్యోదయం, మిట్టమధ్యాహ్నం, సూర్యాస్తమయం, అన్నీ కలిసి రోజుకి అర నిమిషం చొప్పున ఆలస్యమవుతూ పోతాయి. అదే రోజుల్లో పగటి నిడివి పెరగడం మొదలైనా అది సెకన్లలోనే. ఆ చిన్న పెరుగుదల ఈ జరుగుడుని మించేదాకా సూర్యోదయం ఆలస్యమవుతూనే ఉంటుంది. సాయంత్రాలు మాత్రం అప్పటికే పొడవవుతూ ఉంటాయి.

ఈ హెచ్చుతగ్గులకి కారణాలు రెండు. అక్షం వాలు ఒకటి. రెండోది, భూమి కక్ష్య సరైన వృత్తం కాకపోవడం. జనవరి మొదట్లో మనం సూర్యుడికి అతి దగ్గరగా, 14.71 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండి, వేగంగా సాగుతాం. జూలై మొదట్లో 15.21 కోట్ల కిలోమీటర్ల దూరంలో నెమ్మదిగా ఉంటాం.

విషువత్తు రోజున పగలూ రాత్రీ సమానమేనా?

పేరుకే. పగలే కొంచెం ఎక్కువ. పైన చెప్పిన 50 కళలు పొద్దునా సాయంత్రమూ కలుస్తాయి కాబట్టి, భూమధ్యరేఖ దగ్గర కూడా పగలు ఆరేడు నిమిషాలు ఎక్కువ వస్తుంది.

ఫోన్‌లో చూపించిన టైమ్‌కి సూర్యుడు రాలేదు. యాప్ తప్పా?

యాప్ సాధారణంగా తప్పు కాదు. అది చెప్పే టైమ్ సముద్ర మట్టంలో, అడ్డేమీ లేని దిగంతానికి. తూర్పున కొండో, ఎత్తయిన ఇళ్లో, చెట్ల వరుసో ఉంటే ఆ మేరకు ఆలస్యం. భూమధ్యరేఖకి దగ్గరలో ఒక్క డిగ్రీ ఎత్తు అడ్డుంటే నాలుగు నిమిషాలు. ఒకసారి నేను యాప్ నమ్ముకుని వెళ్లి, ఎదురుగా చిన్న గుట్టే కదా అనుకున్నాను. ఆ గుట్ట పావుగంట నిలబెట్టింది.

ఎత్తు మీద ఉంటే దీనికి వ్యతిరేకం. దిగంతం కిందికి దిగుతుంది, సూర్యుడు ముందే కనిపిస్తాడు. 100 మీటర్ల ఎత్తుకి నిమిషం పైచిలుకు, 10 కిలోమీటర్ల ఎత్తున ఎగిరే విమానంలో దాదాపు 12 నిమిషాలు. యాప్ తీసుకునే 34 కళలు కూడా సగటు లెక్కే, ఆ రోజు గాలి ఎంత చల్లగా ఉందో దానికి తెలియదు. అందుకని సెకన్ల లెక్కన దాన్ని పట్టుకోకూడదు.

ప్రపంచంలో అందరికంటే ముందు సూర్యోదయం అయ్యేది జపాన్‌లోనేనా?

క్విజ్‌లలో అలా రాసి రాసి అదే స్థిరపడిపోయింది. చైనా నుంచి చూస్తే జపాన్ తూర్పున ఉంటుంది కాబట్టి ఉదయించే సూర్యుడి దేశం అన్న పేరు వచ్చింది. గుండ్రటి భూమి మీద మొదలంటూ ఉండదు, ఏ క్షణంలో అయినా ఎక్కడో ఒకచోట సూర్యోదయం అవుతూనే ఉంటుంది. మొదలు పెట్టింది మనం గీసుకున్న అంతర్జాతీయ దినరేఖ. దాన్ని మార్చుకోవచ్చు కూడా. పసిఫిక్ మహాసముద్రంలోని కిరిబాటి దేశం 1995లో తన తూర్పు దీవుల్ని దినరేఖకి ఇటువైపు తెచ్చుకుంది. ఇప్పుడు కొత్త తేదీ అందరికంటే ముందు మొదలయ్యే చోట్లలో అవి ఉన్నాయి.

ధ్రువాల దగ్గర సూర్యోదయం ఎలా ఉంటుంది?

ఉత్తర ధ్రువం దగ్గర ఏడాదికి ఒక్కటే, మార్చి విషువత్తు దగ్గర. భూమధ్యరేఖ దగ్గర రెండు నిమిషాల్లో బయటపడే బింబం, అక్కడ దిగంతం చుట్టూ తిరుగుతూ పూర్తిగా పైకి రావడానికి ఒక రోజు పైనే పడుతుంది.

ఆర్కిటిక్‌లో గాలి చేసే మాయ ఎంత దూరం పోగలదో చెప్పే ఒక సంఘటన ఉంది. డచ్ నావికుడు విలెం బారెంట్స్ బృందం నోవాయా జెమ్ల్యా దీవిలో మంచులో చిక్కుకుపోయి ఆ చీకటి చలికాలమంతా గడిపింది. 1597 జనవరి 24న వాళ్లకి సూర్యుడు కనిపించాడు. లెక్క ప్రకారం ఇంకా రెండు వారాల దాకా రాకూడదు. వాళ్లు చెప్పింది చాలామంది నమ్మలేదు. నేల దగ్గర చల్లటి గాలి, పైన వెచ్చటి గాలి పరుచుకున్నప్పుడు ఆ రెండింటి మధ్య వెలుగు సొరంగంలో సాగినట్టు భూమి వంపుని అనుసరిస్తూ వందల కిలోమీటర్లు రాగలదని తర్వాత తెలిసింది. సూర్యుడు దిగంతానికి దాదాపు 5 డిగ్రీల కింద ఉండగానే వాళ్లు చూశారన్నమాట. ఆ వింతకి ఇప్పుడు ఆ దీవి పేరే.

ఫోటో చూసి అది ఉదయమో సాయంత్రమో చెప్పగలమా?

ఆకాశాన్ని మాత్రమే చూసి చెప్పలేం. రెండింటి భౌతికశాస్త్రం ఒకటే. పగలంతా లేచిన దుమ్ము వల్ల సాయంత్రాలు కాస్త ముదురుగా ఉండొచ్చు, పొద్దున మంచు పట్టొచ్చు.

సూర్యుడు వచ్చాక కూడా కాసేపు చలి పెరుగుతుందేం?

నేల రాత్రంతా తన వేడిని ఆకాశంలోకి వదులుతూ ఉంటుంది. సూర్యుడు రాగానే ఆ నష్టం ఆగదు. తొలి కిరణాలు ఏటవాలుగా, బలహీనంగా వస్తాయి. వచ్చే వేడి పోయే వేడిని మించేదాకా చల్లబడుతూనే ఉంటుంది. అందుకే గాలి ప్రశాంతంగా ఉన్న రోజుల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత అర్ధరాత్రి కాకుండా పొద్దు పొడిచిన కాసేపటికి నమోదవుతుంది.

ఆకుపచ్చ మెరుపు అనేది నిజంగా ఉందా?

ఉంది. గాలి పట్టకంలా పనిచేసి ఎరుపుని తక్కువగా, ఆకుపచ్చ, నీలాల్ని ఎక్కువగా వంచుతుంది. నీలం దారిలోనే చెదిరిపోతుంది కాబట్టి బింబం పైఅంచున ఒకటి రెండు సెకన్లు ఆకుపచ్చ మిగలొచ్చు. గాలి తేటగా ఉండాలి, సముద్రం లాంటి తిన్నని దిగంతం కావాలి. ఉదయం చూడడం ఇంకా కష్టం, సూర్యుడు ఏ బిందువు దగ్గర వస్తాడో ముందే తెలిసి అక్కడే చూస్తూ ఉండాలి.

సూర్యుడు పడమట ఉదయించడం ఎక్కడైనా సాధ్యమేనా?

జరగని పనికి మన భాషలో ఇదే సామెత, కానీ జరిగింది. కాంకర్డ్ విమానం గంటకు 2,100 కిలోమీటర్లకి పైగా వేగంతో ఎగిరేది, అంటే భూమి తిరుగుడు కంటే వేగంగా. లండన్‌లో పొద్దుగూకాక బయలుదేరి పడమటికి వెళ్లేటప్పుడు, అస్తమించిన సూర్యుణ్ణి అది అందుకునేది, ప్రయాణికులకి పడమటి దిగంతంలోంచి సూర్యుడు లేచేవాడు.

శుక్రుడు వెనక్కి తిరుగుతాడు కాబట్టి అక్కడ రోజూ అంతే, కాకపోతే ఆ రోజు మన 117 రోజుల పొడవు. చంద్రుడి మీద గాలి లేదు, సంధ్య రంగులుండవు. నల్లటి ఆకాశంలో బింబం పూర్తిగా పైకి రావడానికి దాదాపు గంట పడుతుంది. అంగారకుడి మీద సన్నటి దుమ్ము వల్ల సూర్యుడి చుట్టూ ఆకాశం నీలంగా ఉంటుంది. మనకి పూర్తిగా తలకిందులు. 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్నవాళ్లకి రోజుకి దాదాపు 16 సూర్యోదయాలు.

రేపు పొద్దున చూడాలంటే ఎప్పుడు, ఎలా చూడాలి?

యాప్‌లో చెప్పిన టైమ్‌కి కనీసం నలభై నిమిషాలు ముందు చేరండి. చాలామంది బింబం కోసమే వస్తారు, అసలు కథ అప్పటికి చాలావరకు అయిపోతుంది. మొదట తూర్పున సన్నటి నారింజ గీత, దాని పైన పసుపు, ఆ పైన నీలం. కళ్లు చీకటికి అలవాటు పడి ఉండాలి, ఫోన్ స్క్రీన్ చూడకండి. పావుగంట ముందు వెనక్కి తిరిగి పడమటి నీలి పట్టీ దిగిపోవడం చూడండి. మబ్బుల్లో ఎత్తయినవి ముందు, తక్కువవి తర్వాత రంగు మారతాయి. చివరి రెండు మూడు నిమిషాల్లో దిగంతం మీద ఒకచోట మిగతా చోట్లకంటే ప్రకాశంగా మారుతుంది, అక్కడే చూస్తూ ఉండండి.

కళ్ల విషయంలో మొహమాటం వద్దు. దుమ్ము, పొగమంచు చాటున బింబం ఎర్రగా, కళ్లు చెదరకుండా కనిపించినా అదే పనిగా తదేకంగా చూడొద్దు. రెటీనాకి నొప్పి తెలియదు, దెబ్బ తగిలాకే తెలుస్తుంది. బైనాక్యులర్స్‌తోనో, కెమెరా వ్యూఫైండర్‌లోంచో ఎంత ఎర్రటి సూర్యుణ్ణీ చూడకూడదు. తొలి అంచు కనిపించాక ఒక్క చూపు చూసి, దాని వెలుగు నేల మీద ఎలా పాకుతుందో గమనించండి. మీ నీడ మీ వెనకాల ఒక్కసారిగా పుడుతుంది, చాలా పొడవుగా, అంచులు మెత్తగా.